అమెరికాలో మనవారి వార్ధక్యనిధి: మితి మీరిన చందాలు

వారమున కొకసారియైనను అమెరికానుండి ఫోను రాని వీథి నేడు తెనాలిలోగాని, భీమవరములోగాని, కరీంనగరములోగాని అరుదు. కుమారుని జీతమెంత, కోడలికి పని దొరకినదా, వీసా పొడిగింపబడినదా, ఇల్లు కొన్నారా యను ప్రశ్నలకు లోటు లేదు. కాని ఆ జీతములోనుండి ముందుగనే కోసి వార్ధక్యమునకై దాచబడుచున్న సొమ్మును గూర్చి యడుగు తల్లిదండ్రులు మిక్కిలి తక్కువ. ఆ సొమ్ము చాలకున్న నష్టమని యెల్లరు నెరుగుదురు. అది హద్దు మీరినను నష్టమే యను సంగతి మాత్రము చదువరులలో బెక్కుమందికి వింతగా దోచవచ్చును. నేడు మేము వ్రాయదలచినది దానిని గూర్చియే.

దూరదేశపు పన్నుల గొడవ మనకేల యని యడుగువా రుందురు. ఆ దేశమునకు బోయిన చదువులకు మన పొలములు తాకట్టు పడినవి. మన బ్యాంకులలో ఋణములు పుట్టినవి. అక్కడ ఒక యువకుడు అకారణముగా పోగొట్టుకొను ప్రతి డాలరును ఇక్కడి కుటుంబమున కొక లోటే. అదియుగాక, "సంపాదించునాడే దాచుకొనుము" అని వానికి నిత్యము చెప్పువారు మనమే. ఆ మాటను పాటించినవాడే యీ చిక్కులో బడుచున్నాడు గాని, దుబారా చేయువాడు గాదు. కావున హితవు చెప్పువారు హద్దును గూడ తెలిసికొని చెప్పుట న్యాయము.

ఈ నిధికి ఆ దేశమున 401 (కె) అని పేరు. పేరు వింతయైనను కారణము సులభము. 1978లో అమెరికా శాసనసభ యామోదించిన ఆదాయ చట్టము, వారి పన్నుల స్మృతిలో ఆ సంఖ్యగల యొక చిన్న నిబంధనను చేర్చినది. పెన్సిల్వేనియాలో పింఛనుల సలహాదారుగా నుండిన టెడ్ బెన్నా యనునతడు, ఉద్యోగి తన జీతములో కొంతభాగమును పన్ను పడకమునుపే నిధిలో వేసికొనుటకు ఆ నిబంధన వీలిచ్చునని గ్రహించి, 1981లో తన సంస్థలోనే మొదటి యేర్పాటు చేసెను. కంపెనీలు జీవితాంతము పింఛనిచ్చు పాత పద్ధతి క్రమముగా సన్నగిల్లి, ఈ కొత్త పద్ధతియే ప్రబలినది. మన ప్రావిడెంటు ఫండునకు ఇది జ్ఞాతివంటిదే గాని, వడ్డీ ఇంతయని ఎవరును హామీ యియ్యరు. సొమ్ము వాటాలలోను పత్రములలోను పెట్టబడి, విపణితోబాటు పెరుగును, తరుగును.

పన్ను ఇక్కడ రద్దగుట లేదు, వాయిదా పడుచున్నది. పంట యింటికి వచ్చిననాడు గాక, గాదెనుండి ధాన్యము తీసి అమ్మిననాడు శిస్తు వసూలు చేసినట్లనుకొనవచ్చును. ఇట్టి సౌకర్యమునకు మేర లేకున్న ధనవంతులు తమ యాదాయమంతయు గాదెలోనికే తరలింతురు గదా! అందుచేత 1986 పన్నుల సంస్కరణ చట్టము ఉద్యోగి చందాకు హద్దు విధించినది. 1987లో ఆ హద్దు 7,000 డాలర్లు. ధరలనుబట్టి అది పెరుగుచు 2024కు 23,000, 2025కు 23,500, 2026కు 24,500 డాలర్లయినది. 50 ఏండ్లు నిండినవారికి దానిపై మరికొంత సెలవు గలదు. 2025లో అది 7,500 డాలర్లు. కంపెనీ తనవంతుగా కలుపు సొమ్ము ఈ లెక్కలో చేరదు. అది చేరు హద్దు వేరొకటి గలదు. 2025కు 70,000 డాలర్లు. ఈ రెంటిని కలగాపులగము చేసికొని, కంపెనీవారి భాగమునుగూడ తమ హద్దులో లెక్కించుకొని తక్కువ దాచుకొనువారు నున్నారు, ఆ మాట ప్రస్తావవశమున చెప్పితిమి.

ఇక హద్దు మీరుట యెట్లు సంభవించును? ఒకే కంపెనీలో ఏడాది పొడుగున పనిచేయువానికి సాధారణముగా భయము లేదు. జీతములు లెక్కగట్టు యంత్రము హద్దు తాకగనే చందా నిలిపివేయును. ఆపలేదా, ఆ నిధికున్న పన్నుల గుర్తింపునకే ముప్పు వచ్చును గనుక సరిదిద్దుకొను భారము కంపెనీదే. చిక్కంతయు ఏడాది నడుమ ఉద్యోగము మారినవానికే. హద్దు మనిషికి గాని కంపెనీకి గాదు. మొదటి కంపెనీ తన యింట ఎంత కోసినదో దానికి తెలియును. రెండవదానికి రెండవదాని లెక్కయే తెలియును. ఒకదాని పుస్తకము మరియొకటి చూడదు. కొత్త కొలువులో చేరిననాడు "ఈ సంవత్సరమున వెనుకటి చోట ఎంత చందా యిచ్చితిరి?" అని యడుగు గడి యొకటి కొన్ని కంపెనీల పత్రములలో నుండును. ముప్పది పత్రములమీద వ్రేలుముద్రవలె సంతకములు చేయు నాటి హడావుడిలో దానిని ఖాళీగా వదలివేయుట పరిపాటి. పన్ను ముందు కట్టి వేయు 'రాత్' ఖాతా, పన్ను వాయిదా పడు మామూలు ఖాతా వేర్వేరు గదా యని రెండింట చెరియొక హద్దు ననుభవింపజూచుటయు పొరపాటే. ఆ రెంటికిని హద్దొక్కటియే. బడులలోను ఆసుపత్రులలోను ఉండు 403 (బి) నిధియు ఈ లెక్కలోనిదే. ప్రభుత్వోద్యోగుల 457 (బి) మాత్రము వేరు.

మనవారి కీ యాపద ఇతరులకంటె దగ్గర. 2022 తుది నెలలనుండి 2023లోను ఆ దేశపు సాంకేతిక కంపెనీలు వేలకు వేలుగా ఉద్యోగులను తొలగించినపుడు, హెచ్-1బి వీసాపై నున్నవారికి మరియొక యజమానిని వెదకికొనుటకు 60 దినములకు మించి గడువు లేకుండెను. అట్టివారు ఒకే యేట రెండు మూడు జీతపు పుస్తకముల కెక్కిరి. మరియొక కారణము గలదు. అమెరికా ప్రభుత్వపు సామాజిక భద్రతా పింఛను పొందుటకు మొత్తము 40 పరిమితులు, అనగా సుమారు పది సంవత్సరముల పని, కావలయును. వీసా నిలుచునో లేదో తెలియని యువకుడు ఆ పింఛనును నమ్ముకొనజాలడు. 401 (కె)లో తాను వేసికొన్న సొమ్మైనచో ఎక్కడికి బోయినను తనదే. అందుచేత నతడు జీతములో పదిహేను వంతులు, ఇరువది వంతులు నూటికి కోయించుకొనును. సంవత్సరారంభమునందే హద్దు నింపివేయవలెనని తొందరపడువారును గలరు. అట్టివారికి వేరొక నష్టము: చందా ఆగిన నెలలలో కంపెనీ కలుపు భాగమును ఆగిపోవచ్చును, సంవత్సరాంతమున సరిచూచి లోటు పూరించు నియమము ఆ కంపెనీకి లేకున్న యెడల.

ఒక లెక్క వేసి చూతము. ఒక యువకుడు 2025 జూలై యాఖరువరకు ఒక కంపెనీలో 15,000 డాలర్లు, ఆగష్టునుండి మరియొక కంపెనీలో 12,000 డాలర్లు చందా వేసినాడనుకొందము. మొత్తము 27,000. హద్దు 23,500. అధికము 3,500 డాలర్లు. ఆ 3,500పై ఆ కాలమున 200 డాలర్లు లాభము వచ్చినదనుకొందము. అతడు 2026 ఏప్రిలు 15వ తేదీలోగా అధికమును లాభముతో సహా, 3,700 డాలర్లు, నిధినుండి వెనుకకు తీసికొన్నచో, 3,500 డాలర్లు 2025 ఆదాయములో చేరును. 200 డాలర్లు 2026 ఆదాయములో చేరును. చిన్నవయస్సున నిధిని ముట్టుకొన్నవారికి విధించు 10 శాతము అదనపు సుంకము వీనిపై పడదు. నూటికి 24 వంతుల పన్నుశ్రేణిలో నున్నచో 3,500కు 840 డాలర్లు పన్ను. అది యెట్లును కట్టవలసినదే గనుక నష్టమేమియు లేనట్లే.

ఆ తేదీ దాటినదా, కథ మారును. 3,500 డాలర్లు 2025 ఆదాయములో చేరుట తప్పదు; 840 డాలర్లు కట్టవలసినదే. కాని సొమ్ము మాత్రము నిధిలోనే చిక్కుకొని యుండును. ముప్పదియేండ్లకు దానిని తీసికొన్ననాడు, ఇదివరకే పన్ను కట్టిన సొమ్మని చెప్పుకొన వీలులేదు. చట్టము దాని నంగీకరింపదు. మరల పూర్తి పన్ను. అదే శ్రేణి యనుకొన్నచో మరియొక 840. వెరసి 1,680 డాలర్లు, 3,500లో దాదాపు సగము, రాష్ట్రపు పన్నులు గాక. రాత్ ఖాతాలో వేసిన యధికమునకును ఈ విపత్తు తప్పదు. ముందే పన్ను కట్టినదైనను గడువులోగా తీయకున్న తరువాత మరల పన్ను పడును. ఇది యేటేట 6 శాతము సుంకము పడు ఐ.ఆర్.ఏ. యను స్వంత ఖాతాల వ్యవహారముతో పొరబడదగినది గాదు. అక్కడ శిక్ష ఏటేట కొంచెము కొంచెముగా వచ్చును. ఇక్కడ ఒక్కసారే, మిక్కిలి యాలస్యముగా, ఎవరికిని జ్ఞాపకము లేనినాడు వచ్చును.

కావలసిన పని కష్టము గాదు, సకాలమున చేయవలసినదంతే. జనవరి నెలాఖరులోగా ప్రతి కంపెనీయు డబ్ల్యు-2 అను జీతపు పత్రము నియ్యవలెను. అందులో 12వ గడిని జూడవలెను. 'డి' యను నక్షరముప్రక్క నుండునది మామూలు చందా; 'ఏఏ' ప్రక్క నుండునది రాత్ చందా. అన్ని కంపెనీల పత్రములనుండి ఈ యంకెలను కూడి ఆ యేటి హద్దుతో సరిచూచుకొనుట అయిదు నిమిషముల పని. అధికము కనబడినచో రెండు నిధులలో దేనినుండి తీయవలెనో యోచించుకొని ఆ నిధి నిర్వాహకులకు వ్రాతమూలముగా తెలుపవలెను. ఎచ్చట కంపెనీ కలుపు భాగము పోదో అచ్చటనుండి తీయుట మేలు; వెనుకకిచ్చిన చందాపై కలిపిన భాగమును కంపెనీ తిరిగి తీసికొనుట కలదు. ఒకదానితో నొకటి సంబంధము లేని కంపెనీలవలన గలిగిన యధికమును తిరిగి యిచ్చితీరవలెనను నిర్బంధము నిధికి లేదు. ఇయ్యవచ్చునని మాత్రమే నియమము. కనుక ఒకరు కాదన్నచో రెండవవారి నడుగవలెను. అడుగుట కొందరు మార్చి మొదటి తేదీనే తుది గడువుగా పెట్టుకొందురు. ఏప్రిలు వరకును నిదానించువాడు తలుపు మూసిన తరువాత తట్టినవాడగును.

రెండు మూడు జాగ్రత్తలు మరికొన్ని గలవు. తీయించుకొనునపుడు ఇది "అధిక చందా వాపసు" అని స్పష్టముగా పేర్కొనవలెను. మామూలు ఉపసంహరణమని వ్రాసినచో దానికి వేరు పన్ను, వేరు సుంకము. పాత కంపెనీ నిధిని స్వంత ఖాతాలోనికి తరలించువారు ఆ తరలింపునకు ముందే అధికమును తీసివేయవలెను. తరలిపోయిన యధికము ఆ కొత్త ఖాతాలో మరియొక యధికముగా లెక్కకు వచ్చి, మేము పైన చెప్పిన 6 శాతము సుంకమునకు గురియగును. ఒక చిక్కునుండి రెండవ చిక్కు పుట్టుట యన్న ఇదియే. పన్నుల పత్రము దాఖలుకు అక్టోబరువరకు పొడిగింపు దొరకినను అధికము తీయుటకు ఆ పొడిగింపు వర్తింపదు. ఈ సంగతి తెలియక నష్టపోవు విద్యావంతులకు కొదువ లేదు. ఇదివరకే పన్ను పత్రము దాఖలు చేసినవారు సవరణ పత్రము పంపవలెను. మరియు, 2026లో తీసిన సొమ్మునకు 1099-ఆర్ అను పత్రము 2027 జనవరిలోగాని రాదు. అందులో 'పి' యను గురుతు వెనుకటి సంవత్సరపు ఆదాయమనియు, '8' అను గురుతు తీసిన సంవత్సరపు ఆదాయమనియు తెలుపును. ఆ గురుతులు తెలియక, వచ్చిన పత్రమున కెల్ల పన్ను కట్టవలెనని కట్టినవాడు చేతులార రెండవ పన్ను తెచ్చిపెట్టుకొన్నవాడే.

ఈ చట్టమును గూర్చి మా యభిప్రాయము చెప్పవలసియున్నది. హద్దు విధించుట న్యాయమే. హద్దు మీరిన సొమ్మునకు పన్ను మినహాయింపు లేదనుటయు న్యాయమే. కాని యొకే సొమ్మునకు రెండుమార్లు పన్ను వేయుట, అందును ఎట్టి దురుద్దేశమును లేనివానిపై వేయుట, ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము గాదు. రెండు కంపెనీల జీతపు పత్రములును జనవరి 31లోగా ప్రభుత్వమునకు జేరును. ఒకే మనిషి పేరిట, ఒకే సంఖ్యక్రింద, రెండు చందాలు. వానిని కూడి చూచుట ప్రభుత్వ యంత్రములకు క్షణకాలపు పని. గడువునకు రెండున్నర నెలలు ముందుగా సర్వమును చేతబట్టుకొనియు, ఉద్యోగికి ఒక హెచ్చరిక పంపవలెనను విధిని చట్టము ప్రభుత్వముపై పెట్టలేదు. తెలిసినవాడు ఊరకుండి, తెలియనివాని నెత్తిన శిక్ష మోపుట యేమి నీతి? కరణము దస్త్రములో శిస్తు రెండుమార్లు జమపడుట చూచియు రైతుకు చెప్పక, ఫసలీ గడచినపిమ్మట గడువు పోయినదని చెప్పినచో మన గ్రామములలో నేమందురో చదువరు లూహింపగలరు.

ఐనను ఆ చట్టములో మెచ్చదగినదియు నొకటి గలదు. కొందరు యువకులకు వసంతకాలమున కంపెనీనుండి అనుకోని చెక్కు వచ్చును. "మీ చందాలో నింత అధికము, వాపసు చేయుచున్నాము" అని. వారు ఏ హద్దును మీరలేదు. ఇది వేరు రకపు అధికము. ఒక కంపెనీలో పెద్ద జీతగాండ్రు తమ జీతములో సగటున నూటికెంత దాచుకొందురో, తక్కిన యుద్యోగులు సగటున నెంత దాచుకొందురో ఏటేట సరిచూడవలెను. తక్కినవారి సగటు రెండు వంతులైనచో పెద్దల సగటు నాలుగు వంతులు మించరాదు. ఆరు వంతులైనచో ఎనిమిది మించరాదు. మించినచో ఆ మించినది పెద్దలకు వాపసు చేయబడును. 2025లో 1,60,000 డాలర్లు మించి జీతము పొందినవారు 2026 లెక్కలో సాధారణముగా నీ పెద్దల కోవలోనివారు. మన యింజనీర్లలో పెక్కుమంది అందులో జేరుదురు. వాపసు సంవత్సరము ముగిసిన రెండున్నర నెలలలోగా జరుగకున్న సాధారణముగా కంపెనీయే 10 శాతము సుంకము చెల్లించుకొనవలెను. ఉద్యోగికి ఆ సొమ్ము అందిన యేటనే పన్ను పడును. రెండవ పన్ను బాధ లేదు.

ఇందలి భావము గమనింపదగినది. పాలేరుల గాదెలు నిండనిదే యజమాని తన గాదె మితికి మించి నింపుకొనరాదని యొక శాసన మున్నట్లు! పైవారు ఎక్కువ దాచుకొనగోరినచో క్రిందివారికి నచ్చజెప్పియో, తామే కొంత కలిపియో వారిచేతను దాచింపవలెను. క్రిందివారికి నిర్ణీతమైన భాగమును తప్పక కలుపు కంపెనీలకు ఈ పరీక్షనుండి మినహాయింపునుగూడ నిచ్చినారు. చెక్కు చేతికి వచ్చినవాడు విసుగుకొనుట సహజమే; మేము మాత్రము ఆ నియమమును తప్పుపట్టజాలము.

మన దేశపు పద్ధతితో పోల్చి చూచిన, 2021 ఆర్థిక చట్టము మన ప్రావిడెంటు ఫండు విషయమున మరియొక మార్గమును త్రొక్కినది. ఆ యేటి ఏప్రిలు మొదటి తేదీనుండి ఉద్యోగి స్వంత చందా ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలు మించినచో, ఆ మించిన భాగముపై వచ్చు వడ్డీకి పన్ను పడునట్లు ఏర్పరచినది. యజమాని చందా లేని నిధులకు ఆ హద్దు అయిదు లక్షలు. అధికమును వెనుకకు తీసికొమ్మని లేదు, గడువు లేదు, రెండవ పన్ను లేదు. ఖాతానే రెండుగా విడదీసి, పన్ను పడునది వేరు, పడనిది వేరు అని లెక్క వ్రాయుదురు. దీని లోపములు దీనికున్నవి. కాని తెలియక ఎక్కువ దాచినవాని నింతగా దండించుట మాత్రము లేదు.

స్వదేశమునకు తిరిగి వచ్చువారి మాట యొకటి మిగిలినది. అమెరికా, బ్రిటను, కెనడా దేశములలోని వార్ధక్యనిధులపై ఏటేట పెరుగు ఆదాయమునకు ఇక్కడ ఆ యేటనే గాక, అక్కడి దేశము పన్ను వేయు కాలముననే పన్ను వేయించుకొనుటకు వీలు కల్పించుచు 2021లో మన ఆదాయపుపన్ను చట్టమున 89-ఏ యను సెక్షను చేర్చబడినది. అది పెరిగిన ఆదాయమును గూర్చినదే గాని, అక్కడ గడువు తప్పిన యధిక చందాను బాగుచేయజాలదు. కావున డిసెంబరులో సామానులు సర్దుకొని విమానమెక్కు యువకుడు, ఆ యేటి కంపెనీ లన్నిటి చివరి జీతపు చీటీలు వెంట దెచ్చుకొనవలెను. డబ్ల్యు-2 పత్రములు ఖాళీ చేసిన యింటికి గాక తనకు చేరునట్లు చిరునామా మార్పించుకొనవలెను. అమెరికా ఫోను సంఖ్యను ఏప్రిలు నెల గడచువరకైనను వదలుకొనరాదు. నిధి నిర్వాహకులు పెక్కుమంది రహస్య సంకేతమును ఆ సంఖ్యకే పంపుదురు గాని మన యూరి సంఖ్యకు పంపరు.